ఖాకీ సంచి భుజాన వేసుకున్న రోజు

మొన్న మా మనుమరాలు కంప్యూటరు తెర నిండా సంచుల బొమ్మలు పరచి, రోజూ సైకిల్ మీద తిరగడానికీ వచ్చేటప్పుడు కూరగాయలూ సామానూ తెచ్చుకోవడానికీ వీటిలో ఏది బాగుంటుందో చెప్పమంటే, కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాను. వానకు తడవనిదొకటి, వీపుకు చెమట పట్టనిదొకటి, లోపల ఆరేడు అరలున్నదొకటి, చూసేకొద్దీ తల తిరిగిపోయి, నాకేమీ తెలియడం లేదమ్మా అని లేచి వచ్చేశాను. తాతకు సంచుల సంగతి ఏం తెలుస్తుందిలే అని ఆ పిల్ల నవ్వుకుంది. తెలియక కాదు. ఎనభై దాటిన ఈ వయసులో కూడా సంచి ఎంచుకోవడమంటే నాకు కొంచెం భయం, ఎందుకంటే ఒకప్పుడు ఇదే పని మీద నేను మూడు అంగళ్ళు తిరిగి, అందరినీ అడిగి, అందరికీ నచ్చిన సంచి ఒకటి కొన్నాను. ఆ తర్వాత జరిగింది నా ఈడువాళ్ళకైతే చెప్పగానే అర్థమవుతుంది.

రెండో పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. నాకు పందొమ్మిదేళ్ళు. నాన్న పోయి అప్పటికి చాలా కాలమైంది, ఇంట్లో అమ్మా నేనూ, అక్కను బీర్కూర్ వైపు ఒక పల్లెలో ఇచ్చాం. నేను బాన్సువాడ బజారులో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. పేరుకు గుమాస్తానే గాని కుదురుగా కూర్చున్నది తక్కువ, దుకాణం సైకిలెక్కి వర్ని దాకా, బీర్కూర్ దాకా పెళ్ళిళ్ళ ఇళ్ళకు చీరలూ ధోవతులూ చేరవేయడం, అమ్మ చెప్పిన బెల్లమో మందో దారిలో తేవడం, ఇదే నా కొలువు. ఆ రోజుల్లో సైకిల్ తొక్కడమంటే ఊళ్ళో అదొక హోదా. హోదా ఉంది గాని, సామాను ఎక్కడ పెట్టాలో మాత్రం నాకు తెలిసేది కాదు.

చేతిసంచిని హ్యాండిల్‌కు తగిలిస్తే మోకాలికి కొట్టుకునేది, ఒకసారి ముందు చక్రంలో ఇరుక్కుని నన్ను బోర్లా పడేసింది. గోనెసంచిని వెనుక క్యారియర్‌కు కడితే కాలువగట్టు మీది గతుకులకు ముడి సడలి, ఒక పెళ్ళికూతురి చీర నీళ్ళలో పడింది. దుకాణం ముందు మిషను కుట్టే మేరాయన భుజానికి తగిలించుకునే జోలె ఒకటి కుట్టి ఇస్తానన్నాడు, నాకూ నచ్చింది, ఇంటికి వచ్చి చెబితే అమ్మ అంతెత్తున లేచింది.

"జోలె ఏసుకొని ఊర్లు తిరుగుతవా? ఎవ్వలన్న పిడికెడు బియ్యం ఏస్తరు పో!"

పోనీ తోలు సంచి కొందామని మా దుకాణం సావుకారునడిగితే, పసుపు పెట్టి ఇచ్చే పెళ్ళిబట్టలను తోలులో పెట్టి తెస్తే ఏ ఇంటివాళ్ళు ముట్టుకుంటారని ఆయన కసిరాడు. ఒకరికి నచ్చింది ఇంకొకరికి గిట్టదు, అందరి మాటా సబబుగానే ఉంటుంది, అడిగిన ప్రతిసారీ నా అయోమయం ఇంకొంచెం పెరుగుతుంది. రెండు అంగళ్ళు తిరిగి వట్టి చేతులతో ఇంటికి వచ్చాను. రాత్రి పడుకుంటే కలలో కూడా సంచులే వచ్చేవంటే నమ్మండి.

మూడో అంగట్లో, యుద్ధం అయిపోయాక పటాలం సామానని చెప్పి పాత బూట్లూ కంబళ్ళూ నీళ్ళ సీసాలూ కుప్పపోసి అమ్మే ఒకాయన దగ్గర ఆ సంచి కనబడింది. దళసరి కిత్తాను గుడ్డ, రెండు భుజాలకూ పట్టీలు, ఇత్తడి బొత్తాలు, పైన వాన పడకుండా మూత. వీపుకు తగిలించుకుని సైకిలెక్కితే సంచి ఉన్నట్టే తెలియలేదు, చేతులు రెండూ ఖాళీ. సావుకారు చూసి గుడ్డే కదా, తోలు కాదు కదా అన్నాడు, మేరాయన కుట్టు తిప్పి చూసి తలాడించాడు, అమ్మ అయితే ఒక రోజంతా కుంకుడుకాయ రసంలో నానబెట్టి ఉతికి శుద్ధి చేసుకుంది. జీవితంలో మొదటిసారి ఒక వస్తువు గురించి అందరూ ఒక్కమాట మీదికి వచ్చారు. దాని రంగు ఖాకీ అన్న విషయం మాత్రం మా ఎవరి బుర్రకూ తట్టలేదు.

అక్కకు అప్పుడు ఏడో నెల. తొలిచూలు పురుడు పుట్టింట్లో పోయడం మా ఆనవాయితీ, అది మీకు చెప్పనక్కర లేదు. ఏడులోనన్నా తేవాలి, తొమ్మిదిలోనన్నా తేవాలి, ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్నదాన్ని గడప దాటించకూడదంటారు. ఏడు నిండడానికి ముందు మంచిరోజు ఒక్కటే మిగిలింది. పసుపు, కుంకుమ, రవికె గుడ్డ, తమలపాకులు, రెండు ఎండుకొబ్బరి కుడుకలు అమ్మ తన చేత్తో నా కొత్త సంచిలో సర్ది, పొద్దున పోయి అత్తవారి చేతిలో పెట్టి మాట చెప్పి రా, మాపటికి బండి పంపిస్తా అంది. నాన్న లేని ఇల్లు గదా, బిడ్డ పురుడైనా తన చేతుల మీదుగా జరగాలని అమ్మ ఏడాదిగా కలవరిస్తోంది. దాచుకున్న నెయ్యి కూడా ముట్టనిచ్చేది కాదు.

ఇక్కడ లెవీ సంగతి ఒక మాట చెప్పాలి. ప్రతి రైతూ పండిన దాంట్లో ఇంత సర్కారుకు కొలవాలని అప్పట్లో హుకుం ఉండేది. కోతలు అయ్యాయంటే చాలు, రెవెన్యూ గిర్దావరూ ఆయన మనుషులూ ఇల్లిల్లూ వెతికేవారు. నాలుగక్షరాలు వచ్చిన పడుచువాళ్ళను కూడా ఆ పనికి పెట్టుకుంటారని చెప్పుకునేవారు. తిండికి మిగలదేమోనన్న భయంతో జనం వడ్లను పాతరల్లో, గడ్డివాముల్లో, మంచాల కింద దాచేవారు. సైకిల్ మీద ఖాకీ కనబడితే ఊరికి ఊరే మాయమైపోయేది.

నేను అక్క ఊరు చేరేసరికి వీధిలో పురుగు లేదు. ఒక ముసలాయన నన్ను చూసి అరుగు మీంచి లేచి లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకున్నాడు. అందరూ కల్లాలకు పోయారేమో అనుకున్నానే తప్ప నా వీపు మీద ఏముందో నాకు గుర్తే లేదు. అక్క వాళ్ళ తలుపు మూసి ఉంది. రోజూ పదిళ్ళ ముందు నిలబడి పిలిచే అలవాటు కొద్దీ, ఇంట్ల ఎవరున్నరు అని గట్టిగా పిలిచాను. లోపల ఏదో ఈడ్చిన చప్పుడు, గుసగుసలు, ఆ తర్వాత చాలాసేపటికి తలుపు బెత్తెడు తెరుచుకుంది. అక్క అత్తగారు. నన్ను ఒక్కసారి పెళ్ళిలో, పాగా కట్టుకుని ఉండగా చూసిందంతే, అందులోనూ ఆమెకు చూపు తక్కువ.

"లోపల బాలింత ఉన్నది. మొగోళ్లు ఇంట్ల లేరు. గిప్పుడు ఎవ్వలు రావద్దు, పోండ్రి."

తలుపు పడింది. బాలింత! ఏడో నెలలో! బిడ్డ బతికిందా, అక్క ఎలా ఉంది, ఆడవాళ్ళ సంగతి నేను ఎలా అడగడం, పురుటి ఇంట్లో ఈ పసుపు కుంకుమలు ఇవ్వచ్చా ఇవ్వకూడదా, ఒక్కటీ తోచలేదు. తలుపు మళ్ళీ కొట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అత్తగారికి నేనెవరో తెలిసే ఆ మాట చెప్పిందనుకున్నాను. సైకిల్ తిప్పుకుని వచ్చేశాను. దారి పొడుగునా ఏడ్చానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గెందుకు.

నా మాట విని అమ్మ నేరుగా రోలు దగ్గరికి నడిచింది. నెల తక్కువ పురుడు గదా, ఉత్త చేతులతో పోయి ఏం చేస్తాం అని, సొంఠి, పిప్పళ్ళు, వాము దంచి, నెయ్యి పోసి బాలింతకు పెట్టే కాయం కట్టింది, వెల్లుల్లి, నువ్వులనూనె, పాత మెత్తని చీరలు మూట కట్టింది. ముందు మాట్లాడుకున్న బండి వేరే పనికి పోయింది, ఇంకొకటి దొరికి మేము బయలుదేరేసరికి మూడో రోజు. సంచి ఇంట్లోనే వదిలేశాను, మూట బండిలో ఉంది. వాకిట్లో బండి ఆగగానే, నిండు కడుపుతో చేట పట్టుకుని బియ్యం చెరుగుతూ అక్క ఎదురైంది.

అమ్మ ఆమె పొట్టను చేతులతో తడిమి చూసింది. నేను అక్కనూ పొట్టనూ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాను. కాయం ఎందుకు తెచ్చారని వాళ్ళడిగితే, పురుడైందని మీరే చెప్పారు గదా అని మేము, ఎవరు చెప్పారని వాళ్ళు, పావుగంట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. చివరికి అత్తగారు నోరు నొక్కుకుని అసలు సంగతి చెప్పింది. మొన్న ఖాకీ సంచి వేసుకుని ఒక లెవీవాడు వచ్చాడట, ఆమె వడ్ల బస్తాలు పరిచి వాటి మీద కోడలిని పడుకోబెట్టి బాలింత అని చెప్పి వెళ్ళగొట్టిందట. బాలింత గదిలోకి ఏ మగాడూ అడుగు పెట్టడు గదా. ఆ లెవీవాణ్ణి నేనేనని తేలేసరికి ఇల్లంతా పగలబడి నవ్వింది. అక్క మాత్రం నవ్వలేదు, చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నవ్వులైతే నవ్వుకున్నాం గాని, ముందురోజుతో ఏడో నెల నిండిపోయింది. అమ్మ బతిమాలినా అత్తగారు ఒప్పుకోలేదు, ఒప్పుకుంటే అమ్మే భయపడేదేమో. తొమ్మిది పడగానే తెచ్చుకుందామని వచ్చేశాం. తొమ్మిదో నెల మంచిరోజు ఇంకా నాలుగు రోజులుందనగా అక్కకు అక్కడే నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం. కబురు మాకు మరునాడు అందింది. బిడ్డ తొలిపురుటికి మంత్రసాని పక్కన నేను లేకపోతినే అని అమ్మ చివరిదాకా అంటూనే ఉంది. నన్ను ఒక్కమాట అనలేదు, అని ఉంటే బాగుండేది.

ఆ సంచి నేను మళ్ళీ భుజానికి ఎత్తలేదు. తప్పు సంచిదేనని చాలా ఏళ్ళు గట్టిగా నమ్మాను. చూపు ఆనని ముసలామె రంగు చూసి పొరపడింది, అంతేగదా. అమ్మ పోయినప్పుడు, పదమూడో రోజు చుట్టాలందరూ వెళ్ళిపోయాక, అక్క నా పక్కన కూర్చుని ఉన్నట్టుండి ఆ మాట చెప్పింది.

"ఇంట్ల ఎవరున్నరు అని నువ్వు పిలిచినప్పుడే నీ గొంతని తెలిసింది తమ్మీ. దర్వాజ సందుల నుంచి చూసిన. నీ వీపు మీద గా సంచి ఉన్నది. నువ్వు గూడ గా నౌకరీల చేరినవనుకున్న. లేస్తే నా కింది వడ్లు కనవడ్తయని, కదలకుంట పండుకున్న."

తనను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చానని ఆమెకు మూడో రోజున గాని తెలియలేదు. ఆ మూడు రోజులూ ఆమె నా గురించి ఏమనుకుందో, అన్నం ఎలా తిన్నదో, నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆమె లేదు.

లెవీలు పోయాయి, గిర్దావర్లు పోయారు. ఖాకీ సంచి వేసుకుని ఎవరు ఏ ఊరికి వెళ్ళినా తలుపులు పడవు. కోతలప్పుడు బీర్కూర్ దారిలో బస్సెక్కి పోతుంటే సగం రోడ్డు వడ్లే, మైళ్ళకొద్దీ ఎండకు ఆరబోసి, కాపలా అయినా లేకుండా రైతులు అన్నానికి పోతారు. పక్కనున్నవాళ్ళు బస్సు కదలడం లేదని విసుక్కుంటారు. నేను మాత్రం కిటికీలోంచి ఆ వడ్లనే చూస్తూ కూర్చుంటాను. ఒకనాడు మా అక్క ఏడు నెలల కడుపుతో, ఊపిరి బిగబట్టి, నాకు కనబడకుండా దాచింది వాటినే.