చక్రం తిరుగుతుండగా ముట్టరాదు

విష్ణుమూర్తి పది అవతారాలతో సరిపెట్టుకున్నాడు గానీ, కంప్యూటరు తెర మీది బాణానికి పుట్టుకతోనే డజను దాటాయి. రాసే చోట నిలువు గీత, నొక్కే చోట చెయ్యి, కూడని చోట అడ్డగీత పడ్డ సున్నా, ఆగమన్నప్పుడు తిరిగే చక్రం. ప్రోగ్రాములో పేరు రాస్తే వచ్చి నిలబడతాయి. పొమ్మని రాయనిదే పోవు. వేంపల్లె రబ్బానీ ఇరవై రెండేళ్ళుగా వాటిని పిలుస్తూ, పంపేస్తూ బతికాడు.

ఫోన్ల కాలం వచ్చాక గిరాకీలు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి మిగిలింది ఎర్రగుంట్లలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ లారీల కాటా. లారీ ఎక్కితే బరువు తెర మీద పడుతుంది, నొక్కితే చీటీ వస్తుంది.

కాటా గుమాస్తా లేవి మొదటి నెలలో, చక్రం తిరుగుతుండగానే తొమ్మిదిసార్లు నొక్కి, ఒకే లారీకి తొమ్మిది చీటీలు తీశాడు. అప్పుడు రబ్బానీయే ఒక కాగితం రాశాడు: ‘చక్రం తిరుగుతుండగా మౌసు ముట్టరాదు.’ మేనేజరు ఓబులేసు దాని మీద ఫ్యాక్టరీ ముద్ర గుద్ది గోడకు అంటించాడు. లేవి చర్చిలో పెద్ద. ఆజ్ఞ అంటే ఆజ్ఞే.

ఆ మంగళవారం పొద్దున ప్రింటరులో కాగితం ఇరుక్కుంది. లేవి దాన్ని తీసేశాడు గానీ చక్రం ఆగలేదు. ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. బయట అరవై లారీలు.

తొమ్మిదిన్నరకు ఓబులేసు ఫోను చేశాడు. “ఏమప్పా రబ్బానీ, పదకొండుకల్లా లారీలు కదలకపోతే నీ ప్రోగ్రాము పీకిచ్చి హైదరాబాదోళ్ళది పెట్టిస్తా.”

ఎర్రగుంట్ల బస్సెక్కి, నిలబడే తప్పు పట్టేశాడు రబ్బానీ. కాగితం ఇరుక్కుంటే పని వదిలేసి బయటపడే దారి రాశాడు గానీ, ఆ దారిలో చక్రాన్ని పొమ్మనడం మరిచాడు. లోపల ప్రోగ్రాము గుండ్రాయిలా ఉంది. వెంటనే ఫోను చేశాడు.

“లేవీ, చక్రాన్ని పట్టించుకోవాకు. నొక్కు.”

“తిరుగుతాండాది సార్.”

“తిరగనీప్పా! అది ఉత్త బొమ్మ.”

“మీరే గదా సార్ ముట్టద్దంటిరి.”

“ఆ కాయితం రాసింది నేనే!”

“ముద్రేసింది ఓబులేసు సారు. ఆయప్ప ఈడ లేడు. లారీల కాడ తిట్లు తింటాండాడు. ఆయప్ప చెప్తే నొక్కుతా.”

ఓబులేసు ఫోను ఎత్తలేదు. రబ్బానీ మళ్ళీ లేవినే పట్టుకున్నాడు.

“నా బతుకు పోతాదప్పా. నీకు దండం పెడతా.”

“ప్రార్థన చేస్తాండా సార్.”

ఎర్రగుంట్లలో రైలుగేటు పడింది. గూడ్సుబండి పెట్టె పెట్టెగా పోతుంటే, గేటు మీద అడ్డగీత పడ్డ సున్నా కనిపించింది రబ్బానీకి. దిగి పరుగెత్తాడు. కాటా గది చేరేసరికి పదకొండూ ఇరవై. ఓబులేసు గుమ్మంలోనే ఉన్నాడు.

రబ్బానీ వంగి ఒక్కసారి నొక్కాడు. చక్రం తిరుగుతూనే ఉంది, చీటీ వచ్చేసింది.

“అంటే, బాగుండేదాన్ని ముందర పెట్టుకొని అరవై లారీలు నిలబెడితిరా?” అన్నాడు ఓబులేసు. జవాబు కోసం ఆగకుండా ఫోను చెవిన పెట్టుకుని బయటికి పోయాడు.

రబ్బానీ కూర్చుని తప్పిపోయిన ఆ ఒక్క వరుసా రాశాడు. బాణం తిరిగి వచ్చింది. తలెత్తేసరికి లేవి గోడ మీది కాగితం ఊడదీస్తున్నాడు.

“కొత్తోళ్ళు సోమవారం వస్తారంట సార్. ఓబులేసు సారు ఇది తీసెయ్యమన్యాడు.”

“చించాకు. ఇట్లియ్యి.”

ముద్ర నలగకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“దాంతో ఏం చేస్తారు సార్?”

“మా ఇంటామె గుల్షన్‌కు చూపిస్తా. నా మాట ఇన్నోళ్ళు గూడా ఉండారని.”