సైరన్ల బెంజమిన్ చెవులు

నాచారం పారిశ్రామికవాడలో రేకులు నొక్కే ప్రెస్సుకూ ప్లాస్టిక్ డబ్బాల కంపెనీకీ మధ్య ఇరుక్కుని ఒక షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు, అవసరమూ పడలేదు. సైరన్ల బెంజమిన్ ఎక్కడుంటాడని అడిగితే చాయ్ బండి వాడు కూడా చెయ్యెత్తి చూపిస్తాడు, చూపిస్తూ ఒకసారి చెవి రుద్దుకుంటాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ షెడ్డు పెట్టే గోల అలాంటిది మరి.

బెంజమిన్ ఆలేరు పక్క పల్లె నుంచి వచ్చి, ఉప్పల్లో ఆటోలకు వైరింగ్ చేయడం నేర్చుకుని, ఒకరోజు అనుకోకుండా ఒక అంబులెన్సుకు సైరన్ బిగించాడు. అది ఇరవై ఆరేళ్ల కిందటి మాట. ఆ తర్వాత ఆటోల వంక చూడలేదు. అంబులెన్సులు, ఫ్యాక్టరీల ఫైరింజన్లు, ఏవైనా సరే, లైట్లూ సైరన్లూ ఎంచడం దగ్గర్నుంచి చివరి స్క్రూ బిగించేదాకా తానే చేస్తాడు.

బిగించడం ఎవరైనా చేస్తారు, ఎంచడంలోనే ఉంది పనితనమంతా. బండి యజమానుల సంగతి చెప్పనక్కర్లేదు. వాళ్లకు టాపు మీద పెళ్లి ఊరేగింపులా లైట్లు వెలగాలి, సైరన్ మోగిస్తే వీధి వీధంతా బయటికి రావాలి. బెంజమిన్ వాళ్లను కూర్చోబెట్టి నచ్చజెప్పేవాడు. లైటును చీకట్లో చూసి కొనకూడదు, మిట్టమధ్యాహ్నం ఎండలో చూడాలి, ఆ ఎండలో కనబడిందే లైటు అనేవాడు. టాపుకు రంధ్రం పెడితే దాని అంచుకు రబ్బరు పెట్టకుండా వైరు దూర్చనిచ్చేవాడు కాదు, వానకాలంలో ఆ నీరు పడేది రోగి ముఖం మీదేనని కసురుకునేవాడు.

సైరన్ విషయంలో మాత్రం మాటలుండవు. బండిని షెడ్డు గుమ్మంలో నిలబెట్టి, పదడుగులు నడిచి, వీపు తిప్పి, కళ్లు మూసుకుని వినేవాడు. సాగదీసి మోగేది ఒకటి, గబగబా మోగేది ఒకటి, రెండు స్వరాలు మార్చి మార్చి మోగేది ఒకటి. విని తల ఊపాడా, ఆ బండి తయారైనట్టే. ఊపలేదా, ఆ పెట్టె రాణిగంజ్‌లో సైరన్లు అమ్మే కనకరాజు కొట్టుకు తిరిగి వెళ్లాల్సిందే. ఆయన చెవికి తిరుగులేదని అందరూ అనేవారు, అందరికంటే ఎక్కువగా ఆయనే అనుకునేవాడు.

ఆ చెవి రెండేళ్లుగా మోసం చేస్తోంది. మొదట కుక్కర్ దగ్గర బయటపడింది. మూడు కూతల తర్వాత పొయ్యి ఆపమని చెప్పి ఆయన భార్య పాపమ్మ చిల్కానగర్ సందు చివరి కొట్టుకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన. బెంజమిన్ కుక్కర్‌కు రెండడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని, ఇంకా ఒక్క కూత కూడా రాలేదని చెప్పాడు. పాపమ్మ ఆరోజు పప్పు గురించి తిట్టింది గానీ కూత గురించి ఏమీ అనలేదు.

షెడ్డులో మాత్రం ఆయన తప్పు తన మీద వేసుకోలేదు. సైరన్ సన్నగా వినబడితే పెట్టె బాగాలేదనుకున్నాడు. కనకరాజుకు వరసగా మూడు పెట్టెలు వాపసు చేశాడు. కనకరాజు వాటిని పరీక్షించి, మూడూ బాగానే ఉన్నాయని మర్యాదగా కబురు పంపాడు. ఈమధ్య సరుకంతా ఇంతేనని బెంజమిన్ విసుక్కున్నాడు. మనిషి తన చెవిని అనుమానించడానికి ముందు లోకంలోని సైరన్లన్నింటినీ అనుమానిస్తాడు కాబోలు.

సరిగ్గా అప్పుడే పెద్ద పని వచ్చింది. అన్నోజిగూడ నుంచి ఉప్పల్ దాకా రోడ్డు ప్రమాదాల కోసం ఒక ట్రస్టు వాళ్లు ఆరు అంబులెన్సులు కొన్నారు. ట్రస్టులో బండ్ల వ్యవహారాలు చూసే విజయభాస్కర్ కాకినాడ వైపు మనిషి, మాట మెత్తన, లెక్క గట్టి. ముందు ఒక బండి చేసి చూపించమన్నాడు, నచ్చితే మిగతా అయిదూ ఇస్తానన్నాడు. బెంజమిన్ ఆ బండికి సైరన్ బిగించి, పదడుగులు నడిచి, వీపు తిప్పి విన్నాడు. సన్నగానే వినబడింది. ఇక వాపసు చేసే ఓపిక లేక, సైరన్ శక్తి పెంచి, టాపు మీద ఇంకో పెద్ద హారన్ అదనంగా బిగించాడు. అప్పుడు చెవికి నిండుగా అనిపించింది. తల ఊపాడు.

వారం తిరక్కుండా ఆ బండి మళ్లీ షెడ్డు ముందుకు వచ్చింది. అందులోంచి కీర్తన దిగింది. బండి వెనక రోగి పక్కన కూర్చుని ప్రాణం నిలబెట్టే పని ఆ అమ్మాయిది. సైరన్ మోగుతుంటే లోపల స్టెతస్కోపులో ఏమీ వినబడడం లేదని, నిన్న ఒక ముసలమ్మ దెబ్బల నొప్పి కంటే ఆ మోతకే ఎక్కువ భయపడి వణికిపోయిందని చెప్పింది. కోపంగా చెప్పలేదు. అందుకే బెంజమిన్‌కు ఎక్కువ గుచ్చుకుంది. అలా ఉండే అవకాశమే లేదన్నాడు.

"అంకుల్, మీరు జర లోపలికొచ్చి పడుకోండ్రి. పేషెంట్ పడుకున్నట్టే," అంది కీర్తన.

ఇరవై ఆరేళ్లలో ఎన్ని వందల బండ్లకు సైరన్లు బిగించాడో ఆయనకే లెక్క తెలియదు. ఒక్క బండిలో కూడా తలుపులు మూసుకుని వెనక కూర్చుని వినలేదు. వినేది ఎప్పుడూ బయట నిలబడే. ఆరోజు మొదటిసారి స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకున్నాడు. అప్పటికే ఒంటిగంట అన్నం క్యారియర్ తెచ్చి, ఎప్పటిలా వైర్లకు టేపు చుడుతూ కూర్చున్న పాపమ్మ కూడా ఏమిటో చూద్దామని లోపలికెక్కింది. కీర్తన తలుపులు మూసింది. డ్రైవర్ నరేందర్ సైరన్ వేశాడు.

బెంజమిన్ శ్రద్ధగా విన్నాడు. మోత ఉంది, ఉండాల్సినంతే ఉంది.

"బాగనే ఉంది గదా బిడ్డా," అని పక్కకు తిరిగాడు.

పాపమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుని, కళ్లు గట్టిగా బిగించి, ముడుచుకుపోయి ఉంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ముఖం అలా కావడం ఆయన పురుటినొప్పులప్పుడు తప్ప చూడలేదు. కీర్తన కూడా చెవులు మూసుకునే ఉంది. ఆ బండిలో మామూలుగా పడుకున్న మనిషి తానొక్కడే. బెంజమిన్ చెయ్యి చాచి తలపైన రేకు మీద అరచెయ్యి ఆనించాడు. రేకు అదిరిపోతోంది. చెవి చెప్పనిది చెయ్యి చెప్పింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

టాపు మీది హారన్ తీసేస్తానని, మూడు రోజులు గడువు కావాలని మాత్రం కీర్తనకు చెప్పి పంపాడు. ఆ మధ్యాహ్నం క్యారియర్ విప్పలేదు. చెవుల్లేని మనిషి సైరన్లు ఎంచడమేమిటని రేపు నాచారమంతా నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ, పని పోతుంది. వేరే పని ఏదీ ఆయనకు రాదు, యాభై నాలుగేళ్ల వయసులో నేర్చుకునే ధైర్యమూ లేదు. ఆయన భయపడ్డాడు, బాగా భయపడ్డాడు.

పాపమ్మ ఆ సాయంత్రం చెప్పాల్సింది చెప్పింది. కూతురు షైనీ పుట్టినప్పటి నుంచి ఆమె భర్తను పిలిచేది ఒకే రకంగా.

"షైనీ డాడీ, నాకు కుక్కర్ నాడే తెలుసు. నువ్వే చెప్తవని సూసిన. ఆ సార్‌కు నువ్వే చెప్పు. వేరేటోళ్లు చెప్పినంక నువ్వు చెప్తే ఏం బాగుంటది?"

మర్నాడు కనకరాజు కొట్టుకు వెళ్లి క్షమాపణ చెప్పుకుందామని ఇద్దరూ బైకు మీద బయల్దేరారు. ఉప్పల్ దగ్గర కట్టీ కట్టని పైవంతెన స్తంభాల మధ్య రోడ్డు సన్నబడి, బండ్లన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ కదులుతున్నాయి. వెనక నుంచి పాపమ్మ వీపు మీద తట్టింది, అంబులెన్స్ వస్తోంది, జరగమంది. బెంజమిన్‌కు ఏమీ వినబడలేదు. తిరిగి చూస్తే నీలం లైట్లు ఇరవై గజాల్లో ఉన్నాయి. సిగ్గుతో బండి పక్కకు లాగబోతూ ముందున్న కారును చూశాడు. అదీ కదల్లేదు. అద్దాలెత్తి ఉన్నాయి, లోపలి మనిషి స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు. ఆ పక్క స్కూటర్ కుర్రాడి హెల్మెట్‌లోంచి ఇయర్‌ఫోన్ తీగ వేలాడుతోంది. వాడూ కదల్లేదు. అంబులెన్స్ డ్రైవర్ విసుగొచ్చి సైరన్ స్వరం మార్చాడు. బొంగురుగా, లోతుగా, రెండు స్వరాల మోత. అది బెంజమిన్ పొట్టలో వినబడింది. సరిగ్గా అదే క్షణాన కారు పక్కకు జరిగింది, స్కూటరూ జరిగింది.

బెంజమిన్ బండి పక్కకు ఆపాడు. రాణిగంజ్ వెళ్లలేదు. ఫోన్ తీసి విజయభాస్కర్‌కు చేసి, ఆదివారం ఒక గంట కావాలని, మీ కారు కూడా తీసుకురండని అడిగాడు.

ఆదివారం ప్రెస్సులు ఆగిపోతాయి. ప్రార్థన ముగించుకుని, బైబిలు సంచి కూడా ఇంట్లో పెట్టకుండా భార్యాభర్తలు షెడ్డుకు వచ్చేశారు. విజయభాస్కర్ వచ్చాడు, కీర్తన, నరేందర్ అంబులెన్స్ తెచ్చారు. ముందురోజే బెంజమిన్ దాని టాపు మీది హారన్ తీసేసి, రంధ్రం మూసేసి, హారన్లను ముందు బంపర్ వెనక కిందికి బిగించాడు. బెంజమిన్ ముందుగా తన సంగతి చెప్పేశాడు. రెండేళ్లుగా వినికిడి తగ్గిందని, అది దాచానని, అందుకే మొదటి బండి పాడైందని, తప్పు సైరన్‌ది కాదు తనదని.

విజయభాస్కర్ వంగి బంపర్ వెనక హారన్లను చూసి లేచాడు.

"వినపడని మనిషికి నా బండ్లు ఎలా ఇవ్వమంటారు బెంజమిన్ గారూ? మీరే చెప్పండి."

"సార్, రోడ్డు మీద పోయేటోళ్లకు గూడ ఇనబడదు," అన్నాడు బెంజమిన్. "అద్దాలెత్తుకుంటరు, పాటలు పెట్టుకుంటరు. అంబులెన్స్ జరుగుమనేది ఆళ్లనే గదా. ఆళ్ల చెవి నాకున్నది. లోపల పండుకున్నోళ్ల చెవి నాకు లేదు, అది మా ఆమెకున్నది. ఇద్దరం కలిసి ఇంటే ఒక చెవి తక్కువైతదా, మీరే సూడుండ్రి."

విజయభాస్కర్, బెంజమిన్ కారెక్కి అద్దాలెత్తుకున్నారు. ఏసీ వేసి, పాట పెట్టారు. అంబులెన్స్ వీధి చివరి నుంచి రావాలి, వినబడగానే ఎవరికి వారు చెయ్యెత్తాలి, అంబులెన్స్ అప్పటికి ఎన్ని కరెంటు స్తంభాల దూరంలో ఉందో అద్దంలో చూసి లెక్కపెట్టాలి. మొదటిసారి నరేందర్ గబగబా మోగే సైరన్ వేసుకుని వచ్చాడు. విజయభాస్కర్ చెయ్యి మూడో స్తంభం దగ్గర లేచింది, బెంజమిన్‌ది రెండో స్తంభం దగ్గర. రెండోసారి అదే బండి బొంగురు స్వరంతో వచ్చింది. ఏడో స్తంభం దగ్గర ఇద్దరి చేతులూ ఒకేసారి లేచాయి. విజయభాస్కర్ తన చేతిని, పక్కనున్న చేతిని మార్చి మార్చి చూశాడు. మళ్లీ చేయిద్దామన్నాడు. మూడోసారీ అంతే.

కారు దిగి అంబులెన్స్ వెనక్కి నడిచారు. లోపల స్ట్రెచర్ మీద పాపమ్మ చర్చికి కట్టుకున్న గంజి చీరలోనే వెల్లకిలా పడుకుని ఉంది. కీర్తన స్టెతస్కోపు ఆమె గుండె మీద ఆనించి ఉంది. ఇప్పుడు సైరన్ మోగుతుంటే వినబడిందా అని విజయభాస్కర్ అడిగాడు. మొత్తం దారి వినబడిందని, లెక్క కూడా పెట్టానని ఆ అమ్మాయి చెప్పింది.

"నిమిషానికి నూట పది కొట్టుకుంటున్నది. ఆంటీ, సైరన్‌కు ఇంకా భయమైతున్నదా?"

"సైరన్‌కు గాదు బిడ్డా," అంది పాపమ్మ, కప్పు వైపే చూస్తూ. "ఈ మనిషికి పని ఉంటదో పోతదో అని."

బెంజమిన్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆ మాట నెమ్మదిగానే అంది, అయినా ఆయనకు పూర్తిగా వినబడింది.

విజయభాస్కర్ నరేందర్‌ను పిలిచి, రేపు పొద్దున రెండో బండి ఇక్కడికి తెచ్చి పెట్టమన్నాడు, మిగతావి ఒక్కొక్కటిగా తెమ్మన్నాడు. బెంజమిన్ వైపు తిరిగి, ఈ వారమే చెవులు డాక్టరుకు చూపించుకోవాలని, బండి అప్పగించే ముందు లోపల పడుకుని వినేది అమ్మగారేనని చెప్పాడు. ఆయన చెప్పడం అయిపోయినా కీర్తన స్టెతస్కోపు ఇంకా తీయలేదు. వాచీ చూసుకుంటూ వేలు పైకెత్తి, ఒక్క నిమిషం ఆగమంది.

"తొంభైకి దిగింది," అంది.