ఆరేళ్ల గట్టయ్య

పర్మినెంటు ఆర్డరు టైపు చేయడమంటే సిద్దిరాములుకు పెళ్లి శుభలేఖ రాసినంత సంబరం. మందమర్రి దిక్కున ఒకటొకటిగా బొగ్గుబాయిలు తవ్వుతున్న రోజులవి. సిరిసిల్లలో మగ్గం మీద కూర్చోవలసిన మనిషి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చి బాయి ఆఫీసులో టైపు మిషను ముందు కూర్చున్నాడు. మగ్గం మీద పోగు తెగితే ముడి వేసుకోవచ్చు గానీ, కార్బన్లు పెట్టిన కాగితం మీద ఒక్క అక్షరం తప్పు పడితే మూడు కాపీలూ చించవలసిందే. అందుకని ఆర్డరు కొట్టే రోజు అది పూర్తయ్యేదాకా చాయ్ కూడా ముట్టడు.

ఆర్డరు తయారయ్యాక ఆ కార్మికుణ్ణి పిలుస్తాడు. తన బల్ల ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఇంగ్లీషులో ఉన్నదంతా తెలుగులో చదివి వినిపిస్తాడు. ఆ ఆఫీసులో బొగ్గు నింపేవాడికి కుర్చీ దొరికేది ఆ ఒక్క పూటే. హెడ్ క్లర్కు మూతి ముడుచుకుంటాడు. సిద్దిరాములు అటు చూడడు.

అరవై నాలుగులో, హోలీ దాటిన వారానికి, ఏడుగురు బదిలీ కూలీలను పర్మినెంటు చేస్తూ జాబితా వచ్చింది. బదిలీ కూలీ అంటే ఎవరైనా పనికి రానినాడు వాళ్ల బదులు బాయిలోకి దిగేవాడు. రోజూ పొద్దున్నే వచ్చి నిలబడాలి, పని దొరికితే దొరికినట్టు, లేకుంటే ఇంటికి పోవడమే. జాబితాలో మూడు పేర్లు అయ్యాయి. నాలుగో పేరు చూసి సిద్దిరాములు చేతులు మిషను మీదే ఆగిపోయాయి. "గట్టయ్య, తండ్రి లచ్చయ్య."

ఆ గట్టయ్య బాయి వదిలిపోయి ఆరేళ్లయింది.

అప్పట్లో సిద్దిరాములు హాజరు పిలిచే గుమాస్తా. చెన్నూరు దిక్కు నుంచి గట్టయ్య, మొగిలి అని ఇద్దరు దోస్తులు పనికోసం వచ్చారు. గట్టయ్య పేరు హాజరు పుస్తకంలోకి ఎక్కింది, మొగిలిది ఎక్కలేదు. గట్టయ్య ఒకే ఒక్క రోజు బాయిలో దిగి, పైకి వచ్చి, మొహం కూడా కడుక్కోకుండా నేరుగా రైలు స్టేషనుకు పోయాడు. భూమి లోపలికి పోయేది పీనుగులు గానీ మనుషులు కాదన్నాడట. మర్నాడు ఆ పేరు పిలిస్తే ఎవరూ పలకలేదు. ఎదురుగా మొగిలి, తిండి తిని ఎన్నాళ్లయిందో అన్నట్టు నిలబడి ఉన్నాడు.

"గీ ఒక్కరోజుకు నువ్వే పలుకు," అన్నాడు సిద్దిరాములు.

ఆ ఒక్కరోజు ఆరేళ్లు సాగింది. రేపు సరిచేద్దాం, పండుగ పోయినంక సరిచేద్దాం అనుకుంటుండగానే అతన్ని టైపు మిషనుకు మార్చారు. మొగిలి మాత్రం పుస్తకంలో గట్టయ్యగా, ఇంట్లో మొగిలిగా బతుకుతూనే ఉన్నాడు. బాయిల మీద ఇటువంటి పేర్లు ఇంకా చాలానే ఉన్నాయి, బావ పేరుతో బామ్మర్ది దిగినవీ ఉన్నాయి. ఎవరూ అంతగా పరేషాన్ అయ్యేవారు కాదు.

సిద్దిరాములు గుండె దిటవు చేసుకుని, ఉన్నది ఉన్నట్టే ఆర్డరు కొట్టి మొగిలిని పిలిచాడు. మొగిలి కుర్చీ అంచున కూర్చుని బుద్ధిగా విన్నాడు. తండ్రి పేరు దగ్గర తల ఎత్తాడు.

"సారూ, గాడ మా బాపు పేరు పెట్టరాదా?"

"పెడితే నీ ఆరేండ్ల హాజరు పోతది, మొగిలీ. అదంత గట్టయ్య పేరు మీదున్నది. నువ్వు ఇయ్యాల కొత్తగ చేరినట్టయితది. పర్మినెంటు ముచ్చట మళ్ల మొదటికొస్తది."

మొగిలి తన చేతులు చూసుకున్నాడు. "మా బాపు పోశం. దొర కాడ జీతగాడై ఉండె. గుంట భూమి లేకపాయె, పట్టా లేకపాయె. సచ్చిపోయినప్పుడు గూడ ఆయన పేరు ఎవ్వలు రాసుకోలే. గీ ఒక్క కాయితం మీదనన్న ఉంటదనుకున్న." మళ్లీ తనే అన్నాడు, "పోనీ తియ్యి సారూ. నా కోసమని మీకు తిప్పలెందుకు? గట్లనే కానియ్యున్రి."

తిట్టినా బాగుండేది. ఆ కాగితం చేతికివ్వడానికి సిద్దిరాములుకు మనసు రాలేదు. మేనేజరు సంతకం కావాలని అబద్ధమాడి బల్ల సొరుగులో పెట్టాడు.

ఇంట్లో జొన్నరొట్టె సగంలోనే వదిలేసి లేస్తుంటే భార్య అనసూర్య పట్టుకుని అడిగింది. అంతా విని తేలిగ్గా తేల్చేసింది. "మొగిలి పేరు గుంజుకున్నది నువ్వు. ఇయ్యవలసింది గూడ నువ్వే. రేపు పోయి మేనేజరుకు చెప్పు."

"నౌకరి పోతది."

"పోతె పోనీ. మగ్గం ఇంక అమ్ముకోలే గద."

ఆమె ఎప్పుడూ ఇంతే. సిద్దిరాములుకు నెల పట్టే లెక్క ఆమె రొట్టె తిరగేసే లోపల తేల్చేస్తుంది.

మర్నాడు సిద్దిరాములు, కూలీలు వేలిముద్రలు వేసిన ఆరేళ్ల జీతాల పట్టీలన్నీ మోసుకుపోయి మేనేజరు బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పాడు. మేనేజరు బెజవాడ వైపు మనిషి. కోపం ముందు వస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది, కానీ రెండూ వస్తాయి.

"ఇన్నేళ్లూ గాడిదలు కాస్తున్నావా?" అన్నాడు.

"పేరు నేను తప్పు రాసిన సార్. వేలు తప్పు గాదు. జర చూడున్రి."

మొగిలి ఎడమ బొటనవేలి మీద చిన్నప్పటి కొడవలి కోత ఉంది. వేలిముద్ర పడ్డ ప్రతిచోటా అడ్డంగా ఒక తెల్లగీత వస్తుంది. మేనేజరు మొదటి పట్టీ చూశాడు, మధ్యలోది చూశాడు, చివరిది చూశాడు. మొగిలిని పిలిపించి, సిరా పూసి, తెల్లకాగితం మీద వేలు వేయించాడు. అదే గీత. పట్టీలన్నీ మూసి ఒకదాని మీద ఒకటి పేర్చాడు.

"పై ఆఫీసుకు నేను రాస్తాను," అన్నాడు చివరికి. "పనిచేసింది వీడే, హాజరూ వీడిదే. జవాబు రాగానే వీడి పేరు మీదే ఆర్డరు కొట్టు. ఆ తర్వాత ఇంకో కాగితం కొట్టు, నీకు మెమో."

"ఎన్ని కాపీలు సార్?"

"మూడు," అన్నాడు మేనేజరు, నవ్వాపుకుంటూ.

పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. సిద్దిరాములు ఆర్డరు కొట్టాడు, తన మెమో కూడా కొట్టాడు, రెండింటిలోనూ ఒక్క తప్పు లేదు. తర్వాత తీరిగ్గా చాయ్ తాగి కుర్చీ వేశాడు. "మొగిలి, తండ్రి పోశం" అని చదవగానే మొగిలి ఆపాడు.

"గా రెండో పేరు మళ్లొక్కసారి సదువున్రి సారూ."

మూడుసార్లు చదివించుకున్నాడు. ఆ పేరు ఎక్కడుందో అడిగి, వేలు మసి అంటకుండా అంగీకి తుడుచుకుని, దాని మీద పెట్టి చూశాడు. సిద్దిరాములు కళ్లు తుడుచుకోవడం హెడ్ క్లర్కు చూశాడు. ఆ రోజు మూతి ముడుచుకోలేదు.

మర్నాడు పొద్దున సిద్దిరాములు గుమాస్తాను అడిగి హాజరు పుస్తకం తన చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కొక్క పేరూ పిలుస్తూ వచ్చాడు.

"మొగిలి."

ఎవరూ పలకలేదు. మొదటి వరసలో నిలబడ్డ మొగిలి, ఆ రోజు రానివాడెవడా అని అందరితో పాటు తనూ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. పక్కవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు.

సిద్దిరాములు గొంతు పెంచాడు. "పోశం కొడుకు మొగిలి."

మొగిలి గిర్రున ఇటు తిరిగాడు. "ఉన్న సారూ," అన్నాడు, బాయి అవతలికి వినిపించేంత గట్టిగా.