వట్టిగెడ్డ ఏ చేతి వైపు

మా ఎదురింటి పెద్దాయన మంగళవారం పొద్దున్న పోయారు. మా అమ్మాయి వచ్చి "నాన్నా, అంకుల్ ఇక లేరు" అంది. నిజమేనా అని రెండుసార్లు అడిగాను. ఆయన సంగతి ఏదైనా ఒక పట్టాన నమ్మను నేను.

నాది పార్వతీపురం వైపు పల్లె. ఆయన పుట్టింది మలేషియాలో, రబ్బరు తోటలో. ఓడరేవు పనికి సింగపూరు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. బిషాన్‌లో మాకెదురు ఫ్లాటు. కనబడితే చాలు, "మకాన్ అయిందా తమ్ముడూ?" అనేవారు. భోజనం అయిందని తలూపి లిఫ్టు వైపు చూసేవాణ్ణి.

నాది ఏ ఊరి వైపో తెలిసిన రోజు, లిఫ్టులోనే నాగావళి నది దారంతా అప్పజెప్పారు.

"సముద్రం. శ్రీకాకుళం. సంగాం కాడ ఎడంచేతికి సువర్ణముఖి, వేగావతి. అటు పోకు. ఇంకా ఎక్కితే కుడిచేతికి వట్టిగెడ్డ. అందులోకి తిరుగు. గెడ్డ రెండు పాయలై మళ్ళీ కలిసిన కాడ మనూరు."

ఎప్పటికైనా తిరిగెళ్ళేవాళ్ళు దారి తప్పకూడదని, వాళ్ళ తాత తోటలో పిల్లలందరి చేతా ఇది రోజూ చెప్పించేవాడట.

"తాత మనూరు అనేవాడు గానీ పేరు అనలేదు. దాని పేరేంటి తమ్ముడూ?"

నాకు తెలుసు. మా ఊరికి పైనున్న ఊరే. తెలీదన్నాను.

మా బడిలో చెప్పిన పాఠం వేరు. నదికి కుడివైపు సువర్ణముఖి, వేగావతి, ఎడమవైపు వట్టిగెడ్డ. ఈయనకి అన్నీ తిరగబడ్డాయి. ఎవరి దగ్గరో విని వల్లిస్తున్నాడనుకున్నాను. ఊరి పేరు తెలిస్తే తాతల భూమి అంటూ ఎవరి మీదికి పోతాడో అనుకున్నాను.

ఆయన కనిపెట్టారు. "నా మొహం పోలీసోడిలా ఉందేంటి?" అని నవ్వారు. "నువ్వు చెప్పవు, నేను అడగడం మానను. ఎవరు ముందు అలుస్తారో చూద్దాం."

తిండికొట్లుండే హాకర్ సెంటర్లో, ఇక్కడి పద్ధతిలో, బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి నాకు కుర్చీ ఆపేవారు. ఎందుకింత మర్యాద అని దానికీ అనుమానమే. ఆ కుర్చీలో కూర్చునే అనుమానపడ్డాను.

మొన్న ఆదివారం పార్కులో నది పక్కన నడిచాను. రోజూ నీటితో పాటే పోతాను. ఆ రోజు ఆ దారి మూసేశారని ఎదురు నడిచాను. ఎడంచేతి వైపు ఒక కాలువ వచ్చి కలిసింది. దాటాక వెనక్కి తిరిగి చూస్తే అదే కాలువ కుడివైపు ఉంది.

అక్కడే నిలబడిపోయాను. ఆయన సముద్రం నుంచి వస్తున్నారు. నేను కొండ మీంచి దిగుతున్నాను. నది ఒకటే.

అప్పటికే ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. సోమవారం వెళ్ళాను. మంచం చుట్టూ బంధువులు. అంతమందిలో నోరు విప్పడానికి సిగ్గేసింది. రేపు చెబుదాంలే అని వచ్చేశాను.

మా బ్లాకు కింది ఖాళీ హాల్లో, ఆఖరి చూపుకి, ఆయన్ని పడుకోబెట్టారు. ఆయన మనవరాలు నా దగ్గరికొచ్చింది. "అంకుల్, తాత అనేవారు, మీకు తెలుసు లా. చెప్పరు, అంతే."

ఇక్కడివాళ్ళు మాట చివర 'లా' తగిలించినట్టే తేలిగ్గా అంది, కోపంగా కాదు. ఒక కాగితం చేతిలో పెట్టింది. ఆయన గీసిన నాగావళి. కింద సముద్రం, పైకి నది, కుడిచేతికి వట్టిగెడ్డ. రెండు పాయలు కలిసిన చోట చిన్న సున్న, లోపల ఖాళీ.

ఆయన చెవి దగ్గరకి వంగి "దాసరివలస, అన్నా" అన్నాను. తరవాత పెన్ను అడిగి సున్నలో రాశాను. సున్న చిన్నది, పేరు పెద్దది. చివరి అక్షరం గీత దాటి గెడ్డలోకి జారింది.