నార్మండీ దండయాత్ర, మామగారి కునుకు

మా ఇంట్లో పొగ అలారానికి పోపు గిట్టదు. ఎండుమిరపకాయ నూనెలో పడీ పడకముందే కెనడాలోని మా బ్రాంప్టన్ ఊరు మొత్తానికి వినిపించేలా గోల పెడుతుంది. ఇల్లు నిజంగా అంటుకుంటే ఏం చేస్తుందో తెలియదు గాని, చారు పెట్టిన సంగతి మాత్రం ఏనాడూ దాచలేదు. ఒక శనివారం విసుగెత్తి, స్టూలెక్కి దాని బ్యాటరీ పీకేశాను. మర్నాడే దానితో అవసరం పడింది.

మా అమ్మాయి పదో తరగతి. హిస్టరీ క్లాసులో ఒక్కొక్కరికీ రెండో ప్రపంచ యుద్ధంలోంచి ఒక్కో రోజు ఇచ్చారు. ఆ రోజు యుద్ధరంగంలో ఏమైంది, రాజధానుల్లో ఏమైంది, అన్నీ స్లైడ్లలో పెట్టి ఆదివారం మధ్యాహ్నం మూడింటికల్లా అప్‌లోడ్ చేయాలి. దాటితే మార్కులు కోత. మా పిల్లకు వచ్చింది 1944 జూన్ ఆరు. కెనడా, బ్రిటన్, అమెరికా సైన్యాలు సముద్రం దాటి నార్మండీలో దిగిన రోజు.

తల్లిదండ్రులను ఏళ్ళ తరబడి ఉండనిచ్చే సూపర్ వీసా మీద కూతురింటికి వచ్చిన మా మామగారు రిటైర్డ్ తహసీల్దారు. ఏ కాగితమూ తన కళ్ళు దాటకుండా పైకి పోకూడదని ఆయన నమ్మకం. ఆదివారం భోజనం కాగానే లాప్‌టాప్ తీసుకుని రిక్లైనర్‌లో కూర్చున్నారు.

"మంగళవారం దిగారా? ఎవరమ్మా ముహూర్తం పెట్టింది?"

"ముందు సోమవారమే అనుకున్నారు తాతయ్యా. వెదర్ బాలేదని పోస్ట్‌పోన్ చేశారు."

"వానకి జడిసి మంగళవారానికి మార్చుకుంటారా ఎవరైనా!" ఫోన్లో పంచాంగం తిరగేశారు. "ఆఁ, ఏరువాక పున్నమి. అదీ సంగతి. తిథి కాపాడింది."

"పారాట్రూపర్స్‌కి వెలుతురు కావాలని ఫుల్ మూన్ చూసుకున్నారు."

"చూసుకున్నారా లేదా? అదే నేననేది."

తర్వాతి స్లైడులో బ్రిటన్ ప్రధాని పార్లమెంటులో లేచి, ముందు రోమ్ నగరం చేజిక్కిన కబురు తీరిగ్గా చెప్పి, ఆ తర్వాతే నార్మండీ మాట ఎత్తాడు. ఇది మామగారికి నచ్చింది. ఫోన్ చేస్తే ఆయన కూడా ఊళ్ళో ఎండల గురించి చెప్పందే విషయానికి రారు. ఆ మెచ్చుకోలులోనే కునుకు పట్టింది. చేతులు రెండూ లాప్‌టాప్ మీదే ఉన్నాయి. టైము రెండూ ఇరవై.

మామగారిని నిద్ర లేపకూడదు. ఎక్కడా రాసి లేదు గాని, మా పెళ్ళైన కొత్తలో ఆయన కునుకు తీస్తున్నారని మా అత్తగారు పప్పు ఉడక్కముందే కుక్కర్ కట్టేశారు. ఆ పప్పు అలాగే తిన్నాం.

"మీరు లేపండి," అంది మా ఆవిడ.

"మీ నాన్నగారు కదా."

"అందుకే. నన్నైతే తిడతారు. అల్లుణ్ణి ఏమీ అనరు."

"అవును, అనరు. నెల్లాళ్ళు మాట్లాడరు."

అమ్మాయి ముందుకు వెళ్ళబోతే వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"డాడ్, ఇది నా సెవెన్త్ స్లైడ్," అంది పిల్ల. ఏడో స్లైడు నాకు గుర్తే. ఆ పొద్దున జర్మన్ సేనానులకు ట్యాంకులు కదపాలంటే వాళ్ళ నియంత అనుమతి కావాలి. ఆయన నిద్రలో ఉన్నాడు. లేపడానికి ఎవరూ సాహసించలేదు. అనుమతి వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది.

నాకు ఒక వ్యూహం తోచింది. పోపు పెడితే అలారమే లేపుతుంది, నేరం ఎవరి మీదా పడదు. మూకుడు పొయ్యి మీద పెట్టి మిరపకాయలు వేశాను. మేం ముగ్గురం దగ్గాం. అలారం నోరు మెదపలేదు. ఆరో మిరపకాయకు గాని బ్యాటరీ సంగతి గుర్తు రాలేదు. స్టూలెక్కి పెట్టాను. అది మర్యాదగా ఒక్కసారి కుయ్యిమని ఊరుకుంది. మామగారు లాప్‌టాప్‌ను గుండెలకు హత్తుకుని అటు తిరిగారు.

మూడూ పదికి ఆయనంతట ఆయనే లేచారు. "ఏమిటీ ఘాటు? చారు పెట్టారా?"

అమ్మాయి లాప్‌టాప్ లాక్కుని అప్‌లోడ్ చేసింది. తెర మీద 'లేట్' అని ఎర్రగా వచ్చింది.

"పోన్లేమ్మా," అన్నాను, "అంతటి జర్మన్ జనరల్సే లేపలేకపోయారు."

"లేపితే వాళ్ళని షూట్ చేసేస్తారు డాడ్. నీకేంటి ప్రాబ్లం?"