గిన్నెలు తిరగని గాలి

మా కాఫీ తోటల పైనున్న వాతావరణ కేంద్రంలో గాలీ వానా కొలిచి, రిటైరై కొండ దిగిపోయిన మాస్టారు పోయారని చింతపల్లి జీపు డ్రైవరు చెప్పాడు. పోయి అప్పటికే నాలుగు రోజులైందట. మా కొండకి ఏ కబురు వేళకి వచ్చింది గనక!

ఆయన బడిలో పాఠాలు చెప్పినవారు కాదు. పొద్దున్నే స్తంభం మీద గాలికి తిరిగే గిన్నెల మీటరు చూసి, అంకె రాసుకుని, పట్నం ఆఫీసుకి ఫోన్లో చదివేవారు. అయినా మాకు మాస్టారే. మా ఇంట్లో చోడి అంబలి తాగితే గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లేవారు.

తొంభైల మొదట్లో, మొక్కలు నాటే రోజున, మా చేత ఆ మీటరు చుట్టూ సిల్వర్ ఓక్ మొక్కలు నాటించింది ఆయనే. వేసవంతా నీళ్లు మోసి బతికించిందీ ఆయనే. ఏడెనిమిదేళ్లకి అవి స్తంభాన్ని మించిపోయాయి. గాలంతా కొమ్మలకే సరిపోయేది, గిన్నెల దాకా దిగేది కాదు. నరకడానికి అనుమతివ్వమని ఎన్ని కాగితాలు రాశారో! ఈ ఆఫీసు ఆ ఆఫీసుని అడగమనేది. రికార్డులో గాలి లేదు గనక రేడియోలో మా కొండకి హెచ్చరికా లేదు. కోస్తాకి చెప్పి ఊరుకునేవారు.

ఒక ఏడు తుఫాను గాలికి చెట్టు విరిగి మా పాక మీద పడింది. అమ్మ తుంటి విరిగింది. డోలీలో ఆస్పత్రికి దింపి, మర్నాడు కోపంగా కొండెక్కాను. మాస్టారి పుస్తకంలో ఆ రోజు గాలి స్వల్పం అని ఉంది.

"ఏటి మాస్టారూ ఇది? పెద్దంకె రాసీండి. అప్పుడైనా మాకు బేగి సెప్తారు."

"దొంగంకె ఒకటి రాస్తే రేపు నిజం అంకె కూడా నమ్మరురా," అన్నారు తల ఎత్తకుండా. "మొక్కలు నాటించింది నేనే కదా."

నాకు జాలి కలగలేదు, ఒళ్లు మండింది. గొడ్డలి తెస్తానన్నాను. కేసు నీ మీద పడుతుంది, వద్దన్నారు.

ఆనాటి నుంచి బారోమీటరులో పాదరసం దిగితే చాలు, తుఫాను వస్తోందని గొడుగేసుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. పాకల్లో ఉండొద్దు, బడిలోకి పొండి అనేవారు. అలా చెప్పే అధికారం నీకు లేదని పట్నం నుంచి మెమో వచ్చింది. ఆ మెమో మాకు చదివి వినిపించి మరీ చెప్పేవారు. రెండుసార్లు ఏమీ రాలేదు, నవ్వాం. మూడోసారి మా పాకల కప్పులు లేచిపోయాయి, మేం బడిలో ఉన్నాం. ఆ రోజైనా ఆయనకి దణ్ణం పెట్టాల్సింది, పెట్టలేదు.

నిన్న ఆ కేంద్రానికి వెళ్లాను. పైన కొమ్మలు హోరుమంటున్నాయి, ఆకులు రాలి నా తల మీద పడుతున్నాయి. కింద గిన్నెలు కదల్లేదు. మాస్టారి చోటులోకి వచ్చిన కొత్తాయన వాటికేసి చూసి, పుస్తకంలో సున్నా చుట్టాడు.