రోడ్డు తడిపించిన ఉత్తరాలు

నాకు అరవై దాటాక అక్షరాలు వచ్చాయి. నేర్పించింది మా కొండను కంకర చేసి అమ్ముకుంటున్న క్వారీ కంపెనీ. కొండ తీసుకున్నందుకు ఊరికేదో ఒకటి చెయ్యాలట, దాన్ని సీఎస్సార్ అంటారట. సాయంత్రాలు బడి పెట్టి, పలకలిచ్చి, ఆడవాళ్ళందరం పలకలు పట్టుకుని ఉండగా ఫోటోలు తీసుకున్నారు. అక్షరాలు మాత్రం నిజంగానే వచ్చాయి. వాటితో నేను చేసిన మొదటి పని ఆ కంపెనీనే వారం రోజులు ఊరికి తిప్పించుకోవడం. తల్చుకుంటే ఇప్పటికీ పొట్ట పట్టుకుని నవ్వుతాను.

మా ఊరు పెనుకొండకూ సోమందేపల్లికీ మధ్య. మా మల్బరీ తోట రోడ్డు పక్కనే. క్వారీ టిప్పర్లు హైవేకి పోయేదీ ఆ రోడ్డు మీదే. ఒక టిప్పరు పోయిందంటే తోటంతా బూడిద చల్లినట్టుంటుంది. పట్టుపురుగుకు అలాంటి ఆకు పనికిరాదు. దుమ్ము ఆకు వేస్తే చస్తుంది, కడిగి తడి ఆకు వేసినా చస్తుంది. ముందటి పంట అట్లాగే పోయింది. గంపలకు గంపలు గోతిలో పోసి పూడ్చాం. ఇంకొక పంట పోతే తోట పీకేసి, హిందూపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పోతానని కోడలు తేల్చి చెప్పింది.

ఈసారి పురుగులు నాలుగో జ్వరం లేచాయి. జ్వరమంటే రోగం కాదు, పాత చర్మం విడిచే ముందు పడుకునే నిద్ర. ఇక వారం రోజులు బాగా మేస్తే గూడు కడతాయి. దుమ్ము ఆపమని కంపెనీ సారుకు ఎన్నిసార్లు చెప్పినా "పైకి పంపుతామమ్మా" అనేవాడు. అది ఎంత పైకి పోయిందో, దుమ్ము మాత్రం కిందికే దిగేది.

ఆ రోజు పొద్దున బడి చూడ్డానికి ఆ సారూ, ఇంకో ఇద్దరూ వచ్చి పోయారు. తరువాత ఆకు కోస్తున్న కోడలు కేకేసింది.

"అత్తా, ఈ పొద్దు ఆకు చూడు, దుమ్ము లేకుండా ఎంత నున్నగా ఉండాదో!"

"సార్లు వచ్చినారు కదమ్మే. వాళ్ళ తెల్లకారు మాసిపోకుండా టాంకరుతో రోడ్డు తడిపినారు."

"అట్లయితే దినామూ సార్లు వస్తే బాగుంటాది."

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కోత వదిలేసి ఇంటికి పరుగెత్తాం.

మొదటి ఉత్తరానికి ఒక మధ్యాహ్నం పట్టింది. ‘గౌరవనీయులైన సారుకు, మా సంఘం ఆడవాళ్ళు మీకు శాలువా కప్పాలని ఆశపడుతున్నారు. రేపు రండి.’ వచ్చాడు. అంతకుముందే టాంకరూ వచ్చింది. మరుసటి రోజు కంపెనీ పెట్టించిన మంచినీళ్ళ కొళాయికి పూజ. ఆ మరుసటి రోజు, కంపెనీ వేయించిన మందుతో గొర్రెలు బాగుపడ్డాయని వాటికి బొట్లు పెట్టి వరుసగా నిలబెట్టాం. ఒక పొట్టేలు సారు మెడలో పూలదండ తినేసింది. ఫోటోలో పొట్టేలే బాగా పడింది. కంపెనీ కట్టించి, సారు ఎప్పుడో ప్రారంభించిన అరుగుకే సున్నం కొట్టి మళ్ళీ రిబ్బను కట్టాం, మళ్ళీ కత్తిరించాడు.

టాంకరు డ్రైవరు నన్ను చూస్తే నవ్వేవాడు.

"ఏమవ్వా, రేపు కూడా ఉండాదా పండగ?"

"ఉండాదప్పా. ఆదివారం కూడా ఉండాది."

"మా సారును ఇంట్లో ఆయమ్మ తిడతాందంట. దినామూ పెండ్లికొడుకు మాదిరి తయారై యాడికి పోతాండావని."

ఆరో రోజుకు పండగలు అయిపోయాయి. పురుగులు కొన్ని పండి, మేత మాని, గూడు కట్టడానికి తలలెత్తి చూస్తున్నాయి. మిగతా వాటికి ఇంకొక్క రోజు మేత కావాలి. ఏం రాయాలో తోచక ఉన్నదే రాశాను. ‘సారూ, శాలువా లేదు. మా పురుగులు చూడ్డానికి రండి.’

వచ్చాడు. పురుగులు పెంచే షెడ్డు గుమ్మం దగ్గరే ఆపేశాను.

"సెంటు కొట్టుకున్యావు సారూ. పురుగుకు పడదు. చొక్కా ఈడ ఇప్పి, కాళ్ళూ చేతులూ కడుక్కొని రా."

బనియను మీద, పురుగులకు రోగం రాకుండా గుమ్మంలో చల్లిన సున్నపు పొడి తొక్కుకుంటూ లోపలికి వచ్చాడు. వెంట వచ్చినవాడు ఫోన్ ఎత్తితే, మొదటిసారి "ఫోటో వద్దు" అన్నాడు. పురుగులు ఆకు నమిలే చప్పుడు కాసేపు విన్నాడు.

"ఇంతకీ ఈ రోజు ప్రోగ్రాం ఏంటమ్మా?"

"ఏమీ లేదు సారూ. ఈ వారంగా చేసిన పండగలన్నీ ఉత్తవే. నువ్వొస్తే రోడ్డు తడుపుతారు. తడిపితే ఇవి బతుకుతాయి. అందుకే పిలిచినాం."

కోడలు ఆకుకట్ట వెనక మొహం దాచుకుంది. సారు నన్ను చూశాడు, పురుగులను చూశాడు.

"గొర్రెలు కూడానా?"

"గొర్రెలు కూడా."

పురుగులు బెదురుతాయేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆ బనియనూ, ఊగే పొట్టా చూసి మేమూ ఆగలేకపోయాం.

ఆ మరుసటి వారం తెల్లటి గూళ్ళు గోతాలకెత్తి హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోయాం. పోయే బస్సు ఆ బట్టల ఫ్యాక్టరీ గేటు ముందునుంచే పోతే, కోడలు కిటికీలోంచి దానికి టాటా చెప్పింది.

తరువాతి పంటకు నేను ఉత్తరం రాయలేదు. పొద్దున్నే టాంకరు చప్పుడైతే బయటికి వచ్చాను.

"ఈ పొద్దు ఎవరొస్తాండారప్పా?"

"ఎవరూ రారవ్వా. పురుగులు ఉండాయంట, తడిపి రాపో అన్న్యాడు సారు."

ఎప్పుడన్నా రెండు రోజులు టాంకరు ఎగ్గొడుతుంది. అప్పుడు కోడలు కాగితమూ పెన్నూ తెచ్చి నా ముందు పెడుతుంది.